స్వేచ్ఛకు ఏడేళ్ళ గడువు: మదర్ జవుహే జీవితం లేవనెత్తిన ధర్మసందేహం

పుదుచ్చేరి పట్టణానికి వాయవ్య దిశలో ఉన్న లాస్‌పేట నేడు కళాశాలలకూ, విమానాశ్రయానికీ పేరొందిన ప్రాంతం. ఆ పేరులోని తొలి భాగం ఒక ఫ్రెంచి గవర్నరుదని అక్కడివారు చెప్పుకొంటారు. 1761లో ఆంగ్లేయులు నేలమట్టం చేసిన పుదుచ్చేరి 1765లో తిరిగి ఫ్రెంచివారి వశమైనప్పుడు దాని పాలనను చేపట్టిన జాఁ లా ద లారిస్టన్ ఆ గవర్నరు. ఆయన పెదతండ్రి జాన్ లా ఐరోపా ఆర్థిక చరిత్రలో మరింత ప్రసిద్ధుడు. ఫ్రాన్సు విదేశ వాణిజ్య సంస్థలను కలిపి 1719లో ఇండీస్ కంపెనీగా మలచినవాడు ఆయనే. ఆ కంపెనీ లెక్కల పుస్తకాలలో పుదుచ్చేరి నేతబట్టలు ఒక పద్దు; సెనెగల్ తీరం నుంచి అమెరికా దీవులకు చేరవేసిన మనుషులు మరొక పద్దు. ఈ రెండు పద్దులకూ సంబంధం లేకపోలేదు. నీలిమందు అద్దిన పుదుచ్చేరి 'గినీ' బట్ట సెనెగల్ బజారులో నాణెం వలె చెల్లుబాటయ్యేది.

మనుషుల అమ్మకం పుదుచ్చేరి రేవు ఎరుగని వ్యాపారం కాదు. దుబాసీ ఆనందరంగ పిళ్ళై మన సాహిత్యానికి కూడా పరిచితుడే. కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' అనే లక్షణ గ్రంథాన్ని ఆయన పేరుమీదనే రచించాడు. ఆ పిళ్ళై 1743లో తన తమిళ దినచర్యలో ఒక దారుణాన్ని నమోదు చేశాడు. పని ఇప్పిస్తామని పల్లెజనాన్ని నమ్మించి తీసుకువచ్చి, తలలు గొరిగించి, సంకెళ్ళు వేసి, రహస్యంగా ఓడలెక్కించే ముఠా ఒకటి పట్టుబడిన వృత్తాంతమది. ఆ శతాబ్ది చివరి దశకంలో ఉత్తర సర్కారులను కరవు పీడించినప్పుడు యానాం, కోరంగి రేవుల నుంచి తెలుగువారిని సైతం బానిసలుగా తరలించారు. అమ్మినవారిలో తెల్లవారూ ఉన్నారు, మనవారూ ఉన్నారు.

ఇటువంటి చరిత్ర గల పుదుచ్చేరికి 1827లో క్లూనీ సెయింట్ జోసఫ్ సభకు చెందిన మఠకన్యలు వచ్చి బాలికల పాఠశాల తెరిచారు. ఆ సభను స్థాపించిన మదర్ ఆన్ మారీ జవుహే పుదుచ్చేరికి ఎన్నడూ రాలేదు. కాని సరిగ్గా ఆ సంవత్సరాలలోనే ఆమె, భూగోళానికి ఆవలి వైపున, బానిసత్వపు ప్రశ్నతో ముఖాముఖి నిలిచారు. ఇతరుల బంధనాన్ని తొలగించగల స్థితిలో ఉన్న మనిషి వెంటనే దానిని తొలగించాలా? లేక ఆ స్వేచ్ఛను నిలుపుకొనే శక్తి వారికి కలిగేవరకు ఆగవచ్చునా? ఆగవచ్చునంటే, చాలు అని చెప్పవలసిన వారెవరు? ఆమె తన జీవితంతో ఇచ్చిన సమాధానం ప్రశంసనీయమైనదే కాని సంశయరహితమైనది కాదు. ఈనాటికీ ఆ జీవితాన్ని పరిశీలించవలసి ఉన్నది ఆ కారణం చేతనే.

ఆమె 1779 నవంబరు 10న ఫ్రాన్సులోని బర్గండీ సీమలో జల్లాంజ్ అనే పల్లెలో, కలిగిన రైతు కుటుంబంలో జన్మించారు. పదేళ్ళ వయసులో ఫ్రెంచి విప్లవాన్ని చూశారు. విప్లవ ప్రభుత్వానికి ప్రమాణం చేయ నిరాకరించిన గురువులను దాచిపెట్టడం, రాత్రివేళ రహస్య పూజలకు కాపలా కాయడం, పల్లె పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పడం కౌమారంలోనే ఆమెకు అలవడిన పనులు. చట్టం ఒకటి చెబుతుండగా అంతఃకరణ మరొకటి చెబితే దేనిని అనుసరించాలో ఆమె బడిలో నేర్చుకోలేదు. పొలం గట్ల మీద కాపలా కాస్తూ నేర్చుకున్నారు. 1798లో కుటుంబ సభ్యుల సమక్షంలో తన జీవితాన్ని దైవసేవకు అర్పించుకున్నారు. 1800లో బెజాన్సన్‌లోని ఒక మఠంలో ఉండగా నానా వర్ణాల పిల్లలు తన చుట్టూ మూగినట్లు ఆమెకు ఒక దర్శనం కలిగిందని సభ సంప్రదాయం చెబుతుంది. రెండు మఠాలలో ప్రవేశించి, రెండింటిలోనూ నిలువలేక తిరిగి వచ్చిన తరువాత, 1807 మే 12న తన ముగ్గురు చెల్లెళ్ళతో సహా తొమ్మిదిమంది ఒక కొత్త సభగా వ్రతదీక్ష పుచ్చుకున్నారు. తండ్రి కొన్నేళ్ళకు క్లూనీ పట్టణంలో ఒక పాత మఠాన్ని కొనిపెట్టడంతో సభకు ఆ ఊరి పేరే నిలిచిపోయింది. సభకు 1806లో ప్రభుత్వానుమతి ఇచ్చిన నెపోలియనే అంతకు నాలుగేళ్ళ ముందు, విప్లవం రద్దుచేసిన బానిసత్వాన్ని ఫ్రెంచి వలసలలో తిరిగి నెలకొల్పినవాడు.

ఆమె పారిస్‌లో తెరిచిన పాఠశాల ప్రభుత్వ దృష్టిని ఆకర్షించడానికి అక్కడి బోధనా విధానం ఒక కారణం. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు పాఠం చెప్పే ఆ 'పరస్పర బోధన' అప్పట్లో ఐరోపాలో కొత్త వింత. మతవాదులు కొందరు దానిని అనుమానించారు. ఆ పద్ధతికి ఒక మూలం మద్రాసులో ఉన్నదని వారికి తెలుసునో లేదో. ఎగ్మూరు అనాథశాల అధ్యక్షుడు ఆండ్రూ బెల్ వీధిబడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుకోవడం చూసి రూపొందించిన విధానమే ఇంగ్లండు చేరి అక్కడి నుంచి ప్రచారంలోకి వచ్చింది. మన అరుగుబడుల పద్ధతి ఈ విధంగా పారిస్ చేరిందన్నమాట.

1817లో సభ మఠకన్యలు హిందూ మహాసముద్రంలోని బూర్బన్ ద్వీపానికి వెళ్ళారు. నేడు దానినే రీయూనియన్ అంటున్నారు. 1819లో ఆమె చెల్లెలు రొజాలీ నాయకత్వంలో మరి కొందరు సెనెగల్ చేరారు. 1822లో ఆమె స్వయంగా ఆఫ్రికా వెళ్ళి రెండేళ్ళపాటు అక్కడ ఆస్పత్రులు, పాఠశాలలు నడిపారు. ఆఫ్రికావారికి ఆఫ్రికావారే గురువులు కావాలన్న ఆలోచన అక్కడే స్థిరపడింది. ఆ ఉద్దేశంతో కొందరు ఆఫ్రికన్ బాలబాలికలను ఫ్రాన్సుకు రప్పించి చదువు చెప్పించారు. చలికి, జబ్బులకు పలువురు చనిపోయారు. బ్రతికిన వారిలో ముగ్గురు 1840లో గురుపట్టాభిషేకం పొందారు. ఈ ముగ్గురి ప్రస్తావన మళ్ళీ రావలసి ఉన్నది.

పుదుచ్చేరికి మఠకన్యలను రప్పించిన గవర్నరు దెబాసాన్ ద రిష్‌మోన్ బూర్బన్ ద్వీపంలో తోటలూ బానిసలూ గల కుటుంబానికి చెందినవాడు. 1826 నుంచి 1828 వరకు సాగిన ఆయన పాలనలో విద్యాలయాలు వెలిశాయి. ఆ పాలన చివరి ఏడాదే, 1828లో, యానాం నుంచి తెలుగు కూలీలు ఒప్పంద పత్రాలమీద బూర్బన్ చెరకు తోటలకు ప్రయాణమయ్యారు. అక్కడి కాగితాలు వారిని 'తెలింగా'లని పేర్కొన్నాయి. బానిస వ్యాపారం నిషిద్ధమైపోతున్న కాలంలో తోటల యజమానులు వెదుక్కున్న కొత్త దారి అది. ఒప్పందానికి గడువు ఉండేది, జీతం ఉండేది, కాగితంపై వేలిముద్ర ఉండేది. ఆ కాగితంలో ఏముందో చదవగలవాడు మాత్రం వేలిముద్ర వేసినవారిలో అరుదు. ఒక వంక పుదుచ్చేరిలో ఆడపిల్లలకు అక్షరాభ్యాసం, మరొక వంక యానాంలో నిరక్షరుల నౌకాయానం. ఒకే ప్రభుత్వపు ఈ రెండు పనులూ ఒకే ఏడాది అటు ఇటుగా జరిగాయి. తొలినాటి ఆ పాఠశాలలు కూడా వర్ణాన్నీ, కులాన్నీ దాటి అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టినవి కావు. ఆ కాలపు పుదుచ్చేరిలో అది ఊహకు కూడా అందని విషయం.

ఇక మదర్ జవుహే జీవితంలో ప్రధాన ఘట్టానికి రావలసి ఉంది. 1828లో ఆమె ముప్పైమందికి పైగా మఠకన్యలతో, మరి కొందరు రైతులు, చేతిపనివారితో దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాకు, మానా నదీతీరానికి వెళ్ళారు. అంతకు ముందు రెండు పర్యాయాలు ప్రభుత్వం చేసిన వలస ప్రయత్నాలు విఫలమైన అడవి ప్రాంతమది. ఆమె అక్కడ అడవి నరికించి పొలాలు వేయించారు, కొయ్య ఇళ్ళు కట్టించారు, కుష్ఠరోగులకు ఆశ్రయం కల్పించారు. వెంట వచ్చిన ఫ్రెంచి రైతులలో చాలామంది ఒప్పందకాలం ముగియగానే వెళ్ళిపోయారు. నలుపు తెలుపుల మధ్య ఆమె వైఖరి మొదటి నుంచీ మచ్చలేనిదని చెప్పడానికి వీలులేదు. మానా పొలాల పనికి ఆమె సభ కొందరు బానిసలను కొన్నది కూడా. వారిని కొరడా నుంచి కాపాడడానికే కొన్నదని అభిమానులు చెబుతారు. కాపాడడానికైనా సరే, మనిషికి వెల కట్టి రసీదు పుచ్చుకున్న మాట నిజం.

1831 మార్చి 4 నాటి ఫ్రెంచి చట్టం బానిస వ్యాపారాన్ని కఠినంగా శిక్షించింది. నిషేధాన్ని ఉల్లంఘించిన ఓడలలో పట్టుబడిన ఆఫ్రికన్లు స్వతంత్రులని ప్రకటించింది. అయితే ఆ ప్రకటనకు ఒక షరతు ఉంది. వారు ఏడేళ్ళకు మించని కాలం ప్రభుత్వం కింద పనిచేయాలి. గయానాలో ఇటువంటి వారు దాదాపు అయిదువందలమంది ఉండేవారు. పేరుకు స్వతంత్రులు, నడతకు సర్కారు బానిసలు. ఒప్పందకాలం ముగిస్తే వీరిని ఏమి చేయాలో తోచక, తోటల యజమానులు హెచ్చరించే 'అల్లర్ల'కు భయపడి, 1835లో ప్రభుత్వం వీరిని మదర్ జవుహేకు అప్పగించింది. ఆ నిర్ణయాన్ని సమర్థించిన వారిలో కవి, రాజనీతిజ్ఞుడు లామార్తీన్ కూడా ఒకరు. ఒక స్త్రీకి, అందునా మఠవాసినికి, ఒక ఊరి పాలనను ప్రభుత్వం అప్పగించడం ఆనాటికి వింతే. ఆమె గొప్ప పురుషుడని లూయీ ఫిలిప్ రాజు అన్నట్లు చెప్పుకొనే మాట ఈ కాలం నాటిదే. అందులో మెప్పు ఎంత ఉన్నదో ఆ కాలపు దృష్టిలోని లోపం కూడా అంతే ఉన్నది.

మానాలో ఆమె అమలుచేసిన విధానం ఇది. ప్రతి కుటుంబానికి ఒక గుడిసె, ఒక భూమి చెక్క కేటాయింపు. ఉమ్మడి పొలంలో నిర్ణీత కాలం పని. మిగిలిన కాలంలో చేసుకున్నది వారి సొంతం. కూలిలో కొంత వారి పేర జమ. తోటలలో నిత్యకృత్యమైన కొరడాకు అక్కడ తావులేదు. ఓడలలో, సంతలలో చెదిరిపోయిన స్త్రీపురుషులు పెళ్ళిళ్ళు చేసుకొని ఇళ్ళు కట్టుకున్నారు. వడ్రంగం, సేద్యం, కుట్టుపని నేర్పించారు. బయటివారి రాకపోకలపై ఆమె గట్టి అదుపు ఉంచారు. సారా అంగడివాడు, కూలీలను ఎగరేసుకుపోయే మేస్త్రీ అడుగుపెట్టకూడదన్నది దాని ఉద్దేశం. ఆ అదుపు లోపలివారికి సైతం వర్తించింది. ఆమె వారిని బిడ్డలుగా భావించారు. వారూ తల్లిగా భావించారనడానికి ఆధారాలున్నాయి. ఒక తోటల యజమాని ఆమెను నదిలో ముంచివేయమని పడవవానికి లంచమిచ్చాడనీ, అతడు మనసొప్పక నిజం చెప్పివేశాడనీ ఆమె జీవితచరిత్రకారులు రాశారు.

1838 మే 21న మానాలో 185 మందికి విముక్తి పత్రాలు అందాయి. గుడిసె వారిదే అయింది, భూమి వారిదే అయింది. మిగిలిన వారి విముక్తి విడతలుగా సాగింది. తోటల యజమానులు జోస్యం చెప్పిన అల్లర్లు జరుగలేదు. మొత్తం ఫ్రెంచి వలసలలో బానిసత్వం రద్దు కావడానికి అప్పటికి ఇంకా పదేళ్ళున్నది.

ధర్మసందేహం ఇక్కడే మొదలవుతుంది. బావిలో పడినవానికి ఈత నేర్పేవరకు తాడు అందించకుండా ఉండవచ్చునా? ఆ ఆఫ్రికన్లను ఓడలో పట్టుకున్న నాడే చట్టం స్వతంత్రులని ప్రకటించింది. స్వతంత్రుడని ప్రకటించిన మనిషిని ఏడేళ్ళు ఆపడానికి న్యాయమేమిటి? వారు అడవిలో బంధువుల మధ్య బతుకుతున్నప్పుడు సేద్యం తెలియనివారు కారు, కుటుంబం తెలియనివారు కారు. వారికి తెలియనిదల్లా గయానా సంతలో తమను మోసగించే విధానం. ఆ అజ్ఞానం వారి దోషం కాదు, మోసగించేవారిది దోషం. మోసగాళ్ళను కట్టడి చేయడానికి బదులు మోసపోయే వారిని కట్టడి చేయడం ప్రభుత్వాలకు సులభమైన మార్గం. ఆ మార్గాన్ని ఆమె ప్రశ్నించలేదు. ఆమె నమ్మకం ప్రకారం బానిసత్వం మనిషిని చెరుపుతుంది. చెడిన దానిని బాగుచేయడానికి కాలం పడుతుంది. ఈ వాదంలో సత్యాంశం ఉన్నది. కాని ఇదే వాదాన్ని తోటల యజమానులు కూడా వాడుకున్నారు. చెరిపినవాడే 'ఇంకా బాగుపడలేదు' అని తీర్పు చెప్పే స్థానంలో ఉంటే బాగుపడే రోజు ఎన్నటికీ రాదు.

ఆమె మార్గాన్ని వారి మార్గం నుంచి వేరుచేసేవి రెండు. మొదటిది తేదీ. మానాలో గడువు చివరి రోజు ముందుగానే తెలుసు. ఆ రోజు రాగానే పత్రం చేతికి వచ్చింది. తేదీ ఉన్న నిరీక్షణకు ఋణం లక్షణం ఉంటుంది, ఋణదాత అడిగి పుచ్చుకోవచ్చు. తేదీలేని నిరీక్షణ భిక్ష. రెండవది భూమి. పత్రంతో పాటు నిలబడడానికి నేల ఇచ్చారు. 1848లో విముక్తులైన వారిలో అధిక సంఖ్యాకులకు ఫ్రాన్సు నేల ఇవ్వలేదు. నష్టపరిహారం బానిసల యజమానులకు చెల్లించింది. ఆ కోణంలో చూస్తే మానాలో ఒక మఠవాసిని చేసింది ఒక గణతంత్ర ప్రభుత్వం చేయలేకపోయింది.

ఆ ముగ్గురు సెనెగల్ గురువుల సంగతి చూద్దాం. వారు ఆమె కోరినదంతా నేర్చుకున్నారు. లాటిను, ఫ్రెంచి, దైవశాస్త్రం, అన్నీ. స్వదేశానికి తిరిగి వెళ్ళిన తరువాత అక్కడి అధికారులకు, తోటి మతాధికారులకు వారు కంటగింపు అయ్యారు. పదేళ్ళు గడిచేసరికి వారికి సెనెగల్‌లో చోటులేకుండా పోయింది. వారిలో బ్వాలా సెనెగల్ సమాజంపై 1853లో ఒక విలువైన గ్రంథం ప్రచురించి, శేషజీవితం ఫ్రాన్సులో గ్రామ గురువుగా గడిపాడు. మూసా హైతీ చేరి అక్కడే మరణించాడు. అర్హత సంపాదించినంత మాత్రాన ద్వారం తెరుచుకోదు. ద్వారపాలకునికి ఇష్టం లేనప్పుడు అర్హతకు కొలబద్ద మారుతూనే ఉంటుంది. 'సిద్ధపరచడం' అనే సిద్ధాంతంలోని అసలు లోటు ఈ ముగ్గురి కథలో కనిపించినంత స్పష్టంగా ఏ తర్కగ్రంథంలోనూ కనిపించదు. ఆమె దీనిని పూర్తిగా గ్రహించారో లేదో ఆమె చర్యలను బట్టి చెప్పడం కష్టం.

విచిత్రమేమిటంటే, తన విషయంలో ఆమె ఇటువంటి గడువును క్షణమాత్రం అంగీకరించలేదు. క్లూనీ పట్టణం ఓటన్ మేత్రాసనంలోనిది. అక్కడి పీఠాధిపతి దెరికూర్ సభపై సర్వాధికారం తనదేనని పట్టుపట్టాడు. ఖండాంతరాలలో పనిచేసే స్త్రీల సమూహాన్ని ఒక స్త్రీ పాలించడం ఆయనకు క్రమవిరుద్ధంగా తోచింది. 1835లో ఒత్తిడికి లోనై ఆమె ఆయన నిబంధనలపై సంతకం చేశారు. తరువాత అది తన మనస్సాక్షికీ, సభ మూలనియమాలకూ విరుద్ధమని నిరాకరించారు. పర్యవసానంగా గయానాలోని మతాధికారి ఆమెకు దివ్యసత్ప్రసాదాన్ని నిషేధించాడు. 1843లో ఆమె గయానా విడిచి వెళ్ళేవరకు, దాదాపు రెండేళ్ళు, ఆ నిషేధం సాగింది. మానాలో ప్రతి ఆదివారం తాను పెంచిన వారంతా బలిపీఠం వద్దకు వెళుతుండగా ఆమె వెనుక వరుసలో కూర్చుండిపోయారు. భక్తురాలైన మఠవాసినికి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. అయినా ఆమె లొంగలేదు, తిరుగుబాటు చేసి మతాన్ని విడిచిపెట్టనూ లేదు. ఫ్రాన్సు తిరిగి వచ్చి, ఇతర పీఠాధిపతుల మద్దతుతో, కొన్నేళ్ళకు తన సభ స్వాతంత్ర్యాన్ని నిలబెట్టుకున్నారు.

విధేయతా వ్రతం పుచ్చుకున్న స్త్రీ పీఠాధిపతికి ఎదురునిలవడం ధర్మమేనా అన్న ప్రశ్నను మతశాస్త్రజ్ఞులు చర్చించుకోవచ్చు. ఇక్కడ ముఖ్యమైనది మరొకటి. తనను తాను పాలించుకొనే అర్హత తన సభకు ఉన్నదో లేదో నిర్ణయించే అధికారం పీఠాధిపతికి ఆమె ఇవ్వలేదు. ఆ అర్హత పని చేయడం ద్వారానే రుజువవుతుందన్నది ఆమె నిలకడ. మరి ఆఫ్రికన్ల విషయంలో అదే సూత్రం ఎందుకు వర్తించలేదు? ఆమె కాలం ఆమెకు అంతవరకే చూపు ఇచ్చిందని సరిపెట్టుకోవచ్చు. కాని అదే కాలంలో తక్షణ విముక్తి కోరిన గొంతులు ఇంగ్లండులోనూ ఫ్రాన్సులోనూ ఉన్నాయి. స్త్రీగా తనకు జరిగిన అన్యాయాన్ని గుర్తించిన చూపుకు, తల్లిగా తాను పెట్టిన ఆంక్ష కనబడలేదు. ప్రేమతో అధికారం చేసేవారికి ఈ మరుగు తప్పదు కాబోలు. మన ఉమ్మడి కుటుంబాల చరిత్ర తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు.

దీనికి భిన్నమైన దృష్టాంతం మన తెలుగువారిలోనే ఉన్నది. 1822లో జన్మించిన జ్ఞానమ్మగారు ఫిరంగిపురానికి చెందిన తెలుగు కథోలిక స్త్రీ. భర్తను కోల్పోయి, కుమారులను పెంచుకుంటూ, నేటి తిరువళ్ళూరు జిల్లాలోని కీళచ్చేరిలో 1863లో బాలికలకు పాఠశాల తెరిచారు. అక్కడ స్థిరపడిన తెలుగు కథోలికుల ఆడపిల్లలకు అది అక్షరద్వారమైంది. ఆమె చుట్టూ చేరిన స్త్రీల నుంచే మద్రాసు, ఫిరంగిపురం సెయింట్ ఆన్స్ సభలు రూపుదిద్దుకున్నాయి. ఆమె 1874లో మరణించారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో బాలికా పాఠశాల స్థాపించినది ఆ ఏడాదే. జ్ఞానమ్మగారు దూరదేశం నుంచి వచ్చి ఒకరిని సిద్ధపరచలేదు. తానే ఆ ఆడపిల్లలలో ఒకరు. వితంతువుకు ఇల్లే లోకమన్న కట్టుబాటు కింద మెలిగినవారు. ఇచ్చేవారూ పుచ్చుకొనేవారూ ఒక అరుగు మీదనే కూర్చున్నప్పుడు, అర్హత తేల్చవలసిన న్యాయాధిపతి అవసరం ఉండదు. పుదుచ్చేరిలో సైతం 1844లో ఫాదర్ ద్యుప్యి స్థానిక స్త్రీలతో మరియ నిష్కళంక హృదయ సభను స్థాపించడం ఈ దిశగా వేసిన అడుగే, పూనిక ఫ్రెంచి గురువుదే అయినప్పటికీ.

ఈ ప్రశ్న మన రాజ్యవ్యవస్థకూ కొత్తది కాదు. భారతీయులు స్వపరిపాలనకు ఇంకా సిద్ధంగా లేరన్న మాటను ఆంగ్లేయులు దశాబ్దాలపాటు వల్లించారు. అక్షరాస్యత సుమారు 18 శాతం ఉన్న కాలంలో రాజ్యాంగం వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. చదువు వచ్చేవరకు ఆగుదామన్న వాదాన్ని రాజ్యాంగ నిర్మాతలు అంగీకరించలేదు. 1951-52 ఎన్నికలు ఆ నమ్మకానికి తొలి పరీక్ష. మానా పద్ధతికి ఇది పూర్తిగా ఎదురుదారి; ముందు హక్కు, హక్కుతో పాటే అభ్యాసం.

అయితే మానా పక్షాన చెప్పవలసిన మాట కూడా మన అనుభవంలోనే ఉన్నది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వెట్టివారిని తక్షణం విముక్తులను చేసింది, వారి అప్పులను రద్దుచేసింది. గడువు లేదు, షరతు లేదు. ధర్మదృష్టితో చూస్తే నిర్దుష్టమైన చట్టం. విముక్తి పత్రం చేతబట్టుకొని వెలుపలికి వచ్చిన కూలీకి సాయంత్రం పొయ్యి వెలిగే దారి ఏది? 1978లో కేంద్రం ఒక్కొక్కరికి 4,000 రూపాయల పునరావాస సహాయాన్ని ఏర్పాటు చేసింది. ఆ పథకాన్ని 2016లో సవరించి లక్ష నుంచి మూడు లక్షల రూపాయల వరకు పెంచారు. పత్రానికీ పునరావాసానికీ మధ్య నెలలు గడిచిన చోట పాత యజమాని వద్దకే, లేదా మరొక ఇటుకబట్టీకి, కొత్త బయానా పుచ్చుకొని వెళ్ళినవారు ఉన్నారు. మదర్ జవుహే ఈ దృశ్యాన్ని చూసి ఉంటే ఆశ్చర్యపడేవారు కారు. ఆమె పొరపాటు నేల సిద్ధం చేయాలనుకోవడంలో లేదు. మనుషులను కూడా సిద్ధం చేయాలని అనుకోవడంలో ఉన్నది. నేల సిద్ధమయ్యే లోపల మనిషి స్వతంత్రుడుగానే ఆ నేల దున్నుకోవచ్చు.

1848 ఫిబ్రవరిలో ఫ్రాన్సులో రాచరికం కూలిపోయింది. ఏప్రిల్ 27న తాత్కాలిక ప్రభుత్వం వలసలన్నింటిలో బానిసత్వాన్ని రద్దుచేసింది. వయోజన పురుషులందరికీ ఓటు వచ్చింది. విముక్తులైన ఆఫ్రికన్లకూ వచ్చింది. గయానా నుంచి జాతీయ శాసనసభకు ప్రతినిధిని ఎన్నుకొనే సమయంలో మానా ఓటర్లు తమ ఓటు మదర్ జవుహేకేనని చెప్పారట. స్త్రీకి ఓటు వేయడం చెల్లదని అధికారులు వివరించగా, అటువంటప్పుడు తమకు ఎన్నుకోవలసిన వారెవరూ లేరని వారు ఇళ్ళకు తిరిగి వెళ్ళారని చెబుతారు. ఓటు ఎవరికి వేయాలో, వేయకుండా ఎప్పుడు మానుకోవాలో వారికి ఎవరూ నేర్పవలసిన పని లేకపోయింది. వారిని పదేళ్ళ క్రితం సిద్ధపరచిన ఆమెకు మాత్రం చట్టం దృష్టిలో ఆ సిద్ధత రాలేదు. ఫ్రాన్సు స్త్రీలకు ఆ హక్కు 1944లో గాని లభించలేదు.

ఆమె 1851 జూలై 15న పారిస్‌లో మరణించారు. దెరికూర్ పీఠాధిపతి అంతకు వారం ముందే కన్నుమూశాడు. ఆ వార్త విన్నప్పుడు ఆమె ఆయన ఆత్మశాంతికి ప్రార్థించమని తన మఠకన్యలను కోరారు. 1950 అక్టోబరు 15న పన్నెండవ పియస్ పాపుగారు ఆమెను ధన్యురాలిగా ప్రకటించారు. పుదుచ్చేరిలో రొమే రోలాఁ వీధిలోని పాత ఫ్రెంచి భవనంలో ఆమె సభ నడుపుతున్న కుట్టుపని కేంద్రంలో స్త్రీలు తెల్లని గుడ్డమీద పూలు, లతలు కుడతారు. మానాలో విముక్తుల వారసులు నేటికీ ఆ నదీతీరంలో వరి పండే సీమలో నివసిస్తున్నారు.